రామగిరి గుట్ట మీద మా బిడ్డ ఇల్లు కప్పిన రోజు

మూడేళ్ళు ఎదురుచూసిన పిలుపు మే నెలలో ఒక పొద్దున వచ్చింది. "బాపూ, ఆదివారం మా ఇల్లు కప్పుతున్నరు. నువ్వు రా," అన్నది మా బిడ్డ స్వరూప. మాట అయిపోయాక కూడా నేను ఫోను చెవికే ఆనించుకుని కూర్చున్నాను. మా ఇంటామె రాజమ్మ వచ్చి, ఎవరు పోయారని అడిగింది, నా కళ్ళు చూసి. ఎవరూ పోలేదు, పిలిచారు అని చెప్పేసరికి ఆమె కూడా నా పక్కన చతికిలబడింది. రామగిరి గుట్టకు వెళ్ళేవాళ్ళు ఖిల్లా చూడడానికి వెళ్తారు. దాని గురించి నాకంటే చదువుకున్నవాళ్ళు బోలెడు రాశారు. నేను రాసేది ఖిల్లాకు అవతలి పక్క, గుట్ట నడుమ చదునుగా ఉన్న చోట పదకొండు ఇళ్ళు ఉన్న ఒక వాడ గురించి. ఆ వాడకు పోదామనుకునేవాళ్ళకు దారి, బండి, తిండి సంగతులు కూడా ఇందులో ఉంటాయి. కానీ ముందే చెప్తున్నాను, నాకు సంతోషం ఆగడం లేదు, మధ్యమధ్యలో దారి తప్పుతాను. ఓపిక పట్టండి.

మా అల్లుడు సమ్మయ్య తాతది ఆ వాడే. బొగ్గుబాయిలో పని దొరికితే ఆయన గుట్ట దిగి గోదావరిఖని వచ్చాడు, గుట్ట మీది గుడిసె కూలిపోయింది. సమ్మయ్య ఖని అని మేం పిలుచుకునే మా ఊళ్ళోనే పుట్టాడు, నేల మీదినుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద బండి నడిపాడు. మూడేళ్ళ కింద ఆ పని వద్దనుకుని, స్వరూపను తీసుకుని తాత జాగాకు వెళ్ళిపోయాడు. మేకలు, నాలుగు గుంటల మెట్ట చెలక, సీతాఫలం చెట్లు, ఎండాకాలం బీడీల కోసం తునికాకు కోత. గోడలు ఇద్దరే పెట్టుకున్నారు. కప్పు మాత్రం పెట్టుకోలేదు, పెట్టుకోకూడదు. అక్కడి పద్ధతి వేరు. కొత్తగా వచ్చిన ఇల్లు మూడు ఎండాకాలాలు మిగతా ఇళ్ళకు గడ్డి మోయాలి. నాలుగో ఎండాకాలం వాడంతా ఆ ఇంటికి గడ్డి తెస్తుంది. ఇంటికొక మోపు, మోపుతో ఒక మనిషి. పొద్దున మొదలుపెట్టిన కప్పు పొద్దు గూకేలోపల మూసెయ్యాలి. అలా మూసిన ఇల్లే వాడ లెక్కలోకి వస్తుంది. అప్పటిదాకా నీలం రంగు ప్లాస్టిక్ కవరు కింద కాపురం. మేం చూడడానికి వస్తామంటే మా బిడ్డ ఒక్కటే మాట అనేది: కప్పు పడ్డాక పిలుస్తాను, నువ్వూ అవ్వా వచ్చి దాని కింద పండాలి. అందుకని మూడు వానాకాలాలు నేను ఖనిలో నా స్లాబు ఇంట్లో పడుకుని, చినుకు పడితే లేచి కూర్చునేవాణ్ణి.

పిలుపైతే ఇద్దరికీ వచ్చింది గానీ రాజమ్మ మోకాళ్ళు గుట్ట ఎక్కనియ్యవు. ముందు నువ్వు పోయి చూసి రా అని నన్ను తయారుచేసింది. తవ్వెడు మామిడికాయ తొక్కు, సర్వపిండి, బిడ్డకు ఇష్టమని నువ్వుల పొడి. నేను నా తరఫున ఇంకో పని చేశాను. ఎవరికీ చెప్పకుండా ఆరు రేకులు కొన్నాను. ముప్పై ఏళ్ళు బాయిలో నా పని కప్పు కింద కర్రలు నిలబెట్టడం. కప్పు విషయంలో ఎవరి మాటా నమ్మకపోవడం మాకు అలవాటు. వాడవాళ్ళు రాకపోతే? గడ్డి సరిపోకపోతే? నా బిడ్డ మళ్ళీ ప్లాస్టిక్ కింద పండాలా?

ఆదివారం తెల్లవారకముందే యాకూబ్ తన ట్రాలీ ఆటో తీసుకొచ్చాడు. మా వీధి చివర మెకానిక్, నన్ను కాకా అంటాడు. రేకులు చూసి తాడు బిగిస్తూ, "బేటీ అడిగిందా కాకా ఇవి?" అన్నాడు. అడగలేదన్నాను. "గడ్డి కప్పుకుంటా అన్న పిల్లకు రేకులు తీస్కపోతున్నవ్. నీకు ఫికర్ ఎక్కువ, భరోసా తక్కువ," అని నవ్వాడు. నేను బండి జల్ది పోనియ్యమన్నాను. మీకు ట్రాలీ అక్కరలేదు. గోదావరిఖని బస్టాండు దగ్గర సెంటినరీ కాలనీకి బస్సులూ షేర్ ఆటోలూ దొరుకుతాయి, ఆటోకు మనిషికి యాభై తీసుకుంటున్నారు, గంటలోపే దింపుతారు. అక్కడి నుంచి బేగంపేటకు ఇంకో ఆటో, ఇరవై. ఖని దాటుతుంటే ఓపెన్‌కాస్టు మట్టి దిబ్బలు రెండు పక్కలా లేచి ఉంటాయి. మా పిల్లలు చిన్నప్పుడు వాటినే గుట్టలనుకునేవాళ్ళు. స్వరూప అయితే ఒకసారి, బాపూ ఈ గుట్ట ఏ బాయిలోంచి తీసిన్రు అని రామగిరినే చూపించి అడిగింది. ఆ మాట గుర్తొచ్చి యాకూబ్‌కు చెప్పాను. కాలనీ దాటాక ఎండ పడుతూ అసలు గుట్ట కనబడింది, ఎవరూ తీసి పోయనిది, ముందు నీలంగా, దగ్గరికి వెళ్ళేకొద్దీ పచ్చగా. ముప్పై ఏళ్ళు మొదటి షిఫ్టుకు చీకట్లో దిగి, ఎండాకాలం పొద్దుటెండ ఎలా ఉంటుందో సెలవు నాడే చూసినవాణ్ణి. ఆ గుట్ట మీద పొద్దంతా ఆరుబయట ఉండబోతున్నానంటే పెళ్ళికి పోతున్నట్టే ఉంది.

గుట్ట కింద సమ్మయ్య, ఓదెలు అని వాడలో అతని వరస అన్న ఒకతను నిలబడి ఉన్నారు. రేకులు చూసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సమ్మయ్య "ఇవెందుకు మామా?" అని ఆగిపోయాడు. ఓదెలు మూడు రేకులు నెత్తిన పెట్టుకున్నాడు, మిగతా మూడు సమ్మయ్య. యాకూబ్ వెనక్కి తిరిగాడు. ఎక్కడానికి నాలాంటివాడికి గంటంబావు పట్టింది. దారి రాళ్ళ మధ్య నుంచే, కానీ నీడ ఉంటుంది. సగంలో చెలిమె ఉంది, ఎండాకాలంలో కూడా నీళ్ళు చల్లగా ఉన్నాయి, దోసిలితో ఎన్ని తాగానో. తునికి చెట్ల చిగురాకు వాసన, ఎక్కడో మేకల గంటలు. నాకు ఆయాసం కూడా తియ్యగానే ఉంది.

ఆ చదునుకు చేరగానే నా బిడ్డ కనబడింది. కొంగు నడుముకు దోపుకుని, మొహమంతా దుమ్ముతో, వాసాల కింద నిలబడి నార తడుపుతోంది. వెనక ఆమె ఇల్లు: మట్టి గోడలు, నడుమ నిట్టాడు గుంజ, పైన ఎముకల్లా వాసాలు, వాటి మీద ఆకాశం. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. మూడేళ్ళలో నల్లబడింది, బలపడింది. కొంగుతో నా చెమట తుడిచింది. ఆ తర్వాత నా భుజం మీదుగా ఓదెలు నెత్తిన ఉన్నవి చూసింది. ఆ మొహంలో వెలుగు తగ్గడం నేను కళ్ళారా చూశాను.

అప్పుడే వాడలో పెద్దదైన మల్లవ్వ గడ్డి మోపుతో వస్తోంది. డెబ్బై దాటిన మనిషి, మోపు కింద మనిషి కనబడదు, కాళ్ళే కనబడతాయి. ఆమె దడి దాకా వచ్చి, రేకులు చూసి, మోపు దడి లోపల కాకుండా బయట దింపింది. వెనక వస్తున్నవాళ్ళు కూడా అలాగే బయట దింపారు. చుట్టలు ముట్టించుకుని, చెట్టు కింద కూర్చున్నారు. ఒకామె, ఖని చుట్టం రేకులు తెచ్చిండట, ఇగ మన పుల్లల పని ఏమున్నది అన్నది, పక్కామెతో, నాకు వినబడేటట్టు.

స్వరూప నన్ను గోడ వెనక్కి తీసుకెళ్ళింది. గొంతు పెంచలేదు. "బాపూ, మూడు ఎండలు నేను వీళ్ళ ఇండ్లకు గడ్డి మోసింది దేనికి? రేకులు ఖనిల దొరకయా? కొనుక్కునేటోళ్ళం కాదా మేము?" అన్నది. అక్కడ మోపులు దడి బయటే ఉంటే ఈ పొద్దు కప్పు పడదు. ఈ ఎండాకాలం పడకపోతే మళ్ళీ తన వంతు ఎప్పుడొస్తుందో. నేను ఆమె కోసమని తెచ్చినదే ఆమె మూడేళ్ళ కష్టానికి అడ్డం నిలబడింది.

వెళ్ళి మల్లవ్వ ఎదుట నిలబడ్డాను. ఇవి పెట్టడానికి తెచ్చినవి కావు, భయపడి తెచ్చినవి అని చెప్పాను. ఆమె చుట్ట తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"గంత భయమున్నోనివి పిల్లను గుట్టెందుకు ఎక్కిచ్చినవ్ తమ్మీ?"

"నేను ఎక్కియ్యలే అక్కా. అదే ఎక్కింది."

చెట్టు కింద ఎవరో ఫక్కున నవ్వారు. మల్లవ్వ కూడా మూతి దాచుకుంది. రేకులు నా కంటికి ఆనకుండా ఎక్కడన్న పడెయ్యిండ్రి అని, లేచి, తన మోపు తానే ఎత్తుకుని దడి లోపలికి వచ్చింది. ఆమె వెనక పది మోపులు. నేనూ సమ్మయ్యా ఆ రేకులను వాడ చివర తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గర ఒక పక్క పెట్టి వచ్చాం.

ఇక పని చూడాలి. నాకు తిరునాళ్ళలో కూడా అంత సందడి కనబడలేదు. ఆడవాళ్ళు గడ్డిని దులిపి, చెత్త తీసి, మొదళ్ళు సమానంగా కొట్టి గుప్పిట్లో పట్టేంత పిడికెళ్ళు కడుతున్నారు. ఇద్దరు వెదురు బద్దలు చీరుతున్నారు. పైన నలుగురు, కింది నుంచి పిడికెళ్ళు ఎగరేస్తే గాలిలోనే పట్టి, చూరు దగ్గర నుంచి వరసగా పేర్చి, బద్ద ఒత్తి, నారతో బిగిస్తున్నారు. లోపల ఒకరు నిలబడి, పైనుంచి వచ్చిన నార కొసను అందుకుని తిరిగి పైకి పొడవాలి. ఆ పని స్వరూపది. పైనవాళ్ళు ఆమెను ఖనిపిల్ల అని పిలుస్తారు. "ఖనిపిల్లా, నిద్ర పోయినవా?" అంటే, "మీ నారే పండుకున్నది బావా," అని లోపలి నుంచి ఈమె. నన్నెవరూ నిచ్చెన ఎక్కనివ్వలేదు. ఊరికే ఉండలేక నా చేతికర్రతో ఒక్కో వాసాన్నీ నిట్టాడునూ తట్టి వింటూ తిరిగాను. బాయిలో మేం ఏ కప్పు కిందికి వెళ్ళినా ముందు తట్టేవాళ్ళం. గట్టిగా ఉంటే ఖణేల్‌మంటుంది, ఊడేది బోలుగా మోగుతుంది. కర్ర కూడా ముందుగా చిటపటమని చెప్తుంది, ఆ చిటపట విని పరుగెత్తినందుకే ఈ రోజు రాస్తున్నాను. ఓదెలు పైనుంచి తొంగి చూసి, "ఏంది కాకా, బొగ్గు తగులుతాందా?" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. పొద్దుటి బరువు ఆ నవ్వుతో పోయింది.

మధ్యాహ్నం భోజనం అక్కడే, నీడకు. జొన్న గట్క, పచ్చి పులుసు, కాల్చిన ఎండుచేప, మా రాజమ్మ తొక్కు. వండిన ఆమె పేరు పోశవ్వ. ఎవరైనా వెళ్తే అడగండి, కాదనదు, డబ్బు మాత్రం ఇవ్వబోకండి, బియ్యమో ఉప్పో తీసుకెళ్ళండి. తొక్కు నాకి, ఇది పెట్టినామె ఎందుకు రాలేదని అడిగింది. మోకాళ్ళ సంగతి చెప్పాను. రానియ్యి, మోసుకొస్తం, గడ్డి మోపు కన్న బరువుంటదా అన్నది. మా ఇంటామె బరువు నాకు తెలుసు గనుక గట్క మీదే దృష్టి పెట్టాను.

తిన్నాక పని మళ్ళీ మొదలైంది. ఒక వాలు పూర్తయి, రెండో వాలు సగానికి వచ్చింది. అంతలో గాలి మారింది. ఖిల్లా వైపు నుంచి నల్లటి మబ్బు, ఎండాకాలంలో వచ్చే అదుపు లేని మబ్బు. ఒక్కసారి దుమ్ము లేచింది. అందరి చూపూ కల్లం వైపు వెళ్ళింది. వాడ మొత్తం పది రోజులుగా కోసి కట్టిన తునికాకు అక్కడ ఎండలో పరిచి ఉంది. తడిస్తే మచ్చ పడుతుంది, కొనరు. అటు చూసి, మళ్ళీ సగం కప్పిన ఇల్లు చూసి, పైనున్న నలుగురూ చేతులు ఆపారు. ఎవరూ దిగలేదు. మొదలుపెట్టిన కప్పును విడిచి దిగడం వాళ్ళ పద్ధతిలో లేదు. ఇంటామె చెప్పాలి.

స్వరూప గుడిసెలోంచి బయటికి వచ్చింది. తల ఎత్తి మబ్బును చూసింది. నిమిషం కూడా ఆలోచించలేదు.

"దిగుండ్రి. ఆకు తడుస్తది. నా ఇల్లు యాడికి పోదు."

చెప్పి తానే ముందు పరుగెత్తింది. ఆమె వెనక అందరం. ఆకు కట్టలు చేతులకొద్దీ ఎత్తి, కల్లం నడుమ రాళ్ళ మీద కుప్పగా పేర్చాం. మీద ఏం కప్పాలో వెతుకుతుంటే, పక్కన పడి ఉన్న నా రేకులు. ఓదెలు ఒకటి లేపాడు, నేను రెండోది. గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టాం, చాలక నేనూ మల్లవ్వా రెండు మూలల మీద కూర్చున్నాం. పెద్ద పెద్ద చినుకులు. రేకు మీద టపటపమని మోత. ఆమె వాన చప్పుడులో నా వైపు వంగి, "నీ రేకులు కంటికి ఆనుతున్నయ్ తమ్మీ," అన్నది. నా జన్మలో ఇంత పొగడ్త ఎవరూ చెయ్యలేదు.

వాన ఎక్కువసేపు లేదు. ఆకు బతికింది. కానీ తిరిగి ఇంటి దగ్గరకు వచ్చేసరికి మిగిలిన గడ్డి పిడికెళ్ళన్నీ తడిసి బురదలో ఉన్నాయి. తడి గడ్డి కప్పకూడదట, లోపలే మురిగిపోతుంది. సగం వాలు తెరిచి ఉంది. పొద్దు ఇంకా కొంచెమే. స్వరూప తడి గడ్డిని ఎండకు పరుస్తోంది, ఆ ఎండలో వేడి లేదని తెలిసి కూడా. నాకు ఏడుపొచ్చింది, గోడ వైపు తిరిగాను. చుట్టూ చూస్తే వాడవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ వెళ్ళిపోయారనుకున్నాను.

వెళ్ళారు, తమ తమ ఇళ్ళకు. ముందు వచ్చింది మల్లవ్వే, మళ్ళీ కాళ్ళు మాత్రమే కనబడే ఎండు మోపుతో. తన మేకల కొట్టం కప్పడానికి చూరు కింద దాచుకున్న గడ్డి అది. సమ్మయ్య వద్దనబోయాడు. "నా కొట్టం వచ్చే ఎండకు కప్పుకుంట. అప్పుడు నువ్వు మోస్తవు తియ్యి," అన్నది. ఆమె వెనక ఓదెలు, పోశవ్వ, పొద్దున నన్ను దెప్పిపొడిచిన ఆమె కూడా. ఒక ఇంటికి ఒక మోపే పద్ధతి. ఆ రోజు ఒక్కో ఇంటి నుంచి రెండేసి మోపులు వచ్చాయి. ఇక చేతులే కదిలాయి. ఖిల్లా గోడ మీద పొద్దు ఎర్రబడే వేళకు ఓదెలు ఇంటి కొప్పు మీద చివరి పిడికెడు గడ్డి వంచి, అటూ ఇటూ బిగించి, చేతులు దులుపుకుని దిగాడు. మల్లవ్వ స్వరూప చెయ్యి పట్టుకుని గడప లోపలికి నడిపించింది. ఖనిపిల్లా అనలేదు. "సమ్మయ్య ఇంటామే, దీపం పెట్టు," అని పిలిచింది.

నేను వాళ్ళ వెనకే వెళ్ళాను. లోపల చల్లగా, గడ్డి వాసన. అలవాటు పోదు గదా, చేతికర్ర ఎత్తి కప్పును తట్టాను. ఏ చప్పుడూ రాలేదు. ఇంకోచోట తట్టాను. అంతే, మెత్తగా కర్రను తీసుకుని మళ్ళీ ఇచ్చేసింది.

"ఏమంటాంది?" అన్నది మల్లవ్వ.

"ఏం అంటలేదక్కా."

ముప్పై ఏళ్ళలో నా చేతులతో నిలబెట్టిన కర్రలు, నా మీద ఉన్న కప్పులు ఏదో ఒకటి చెప్తూనే ఉండేవి. ఏమీ చెప్పని కప్పు కింద నేను మొదటిసారి నిలబడ్డాను.

రాత్రికి ఉండమని స్వరూప చాప పరిచింది. ఉండాలని నా ప్రాణం ఎంత కొట్టుకుందో రాయలేను. ఆ చాప మీద కాసేపు కూర్చున్నాను, అరచేత్తో నిమిరాను. కానీ ఇద్దరం వచ్చి పండాలని కదా మాట. ఒక్కణ్ణే పడుకుంటే రాజమ్మకు అన్యాయం. మసక వెలుగుండగానే సమ్మయ్య నన్ను బయల్దేరదీసి గుట్ట దింపి, బేగంపేట నుంచి బండి మీద తీసుకెళ్ళి కాలనీలో బస్సు ఎక్కించాడు. వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. గుట్ట నల్లబడింది, నడుమ ఒకచోట చిన్న వెలుగు. అది మా బిడ్డదేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంటికి రాగానే రాజమ్మ రేకుల గురించి అడగలేదు, వాన గురించి అడగలేదు. "పండుకుంటె ఆకాశం కనవడ్తదా?" అన్నది. కనవడదు అన్నాను. ఆమె లేచి, పెట్టెలోంచి ఉతికిన దుప్పటి తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు మా మేడ మీదకెక్కి అటు చూస్తే ఓపెన్‌కాస్టు దిబ్బలే అడ్డం. గుట్ట కనబడదు. అయినా రోజూ ఎక్కుతున్నాను. ఇన్నాళ్ళు బిడ్డ ఎట్లా ఉందో అని చూసేవాణ్ణి, ఇప్పుడు నేను అక్కడ లేనే అని చూస్తున్నాను. సంతోషం పడ్డ చోటికే మనసు మళ్ళీ మళ్ళీ పోతుందని ఈ వయసులో తెలిసింది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఒక్క మాట. ఖిల్లా వైపు రాళ్ళ దారి పట్టకండి. తునికాకు కాలంలో ఆకు దింపడానికి గుట్ట వెనక మట్టి దారిన ట్రాక్టరు వెళ్తుంది. ఏ రోజు వస్తుందో బేగంపేటలో అడిగితే చెప్తారు. పొద్దున ఖాళీగానే పైకెక్కుతుంది, అడిగితే ఎక్కించుకుంటారు, కింద వేసుకోవడానికి బొంత తీసుకెళ్ళండి. ఈ గురువారం వస్తుందని సమ్మయ్య కబురు పెట్టాడు. మా దుప్పటి మడత పెట్టి తలుపు దగ్గరే ఉంది.